అలగని అతిథి

2017 నవంబరులో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ చెరో మీట నొక్కగానే ‘మిత్ర’ అనే రోబో పలికింది. మరుసటి ఫిబ్రవరిలో ప్రపంచ ఐటీ కాంగ్రెస్‌కి అక్కడికే సోఫియా వచ్చింది. అప్పటికే సౌదీ పౌరసత్వం పుచ్చుకున్న రోబో అది. అడిగినవాటికి జవాబులిచ్చి ఊరుకుంది. శాలువా ఏదీ అనలేదు, తన బిరుదులు పూర్తిగా చదవలేదని అలగలేదు. మన వేదికలకు అదెలా పనికొస్తుంది?

2020లో కరోనా పుణ్యమా అని సభలన్నీ జూమ్‌లోకి దూరాయి. అధ్యక్షులవారు మాట్లాడుతుండగానే ఆయన గొంతు కట్టేసే భాగ్యం తెలుగు శ్రోతకు అప్పుడే దక్కింది. హాళ్లు తెరవగానే అదీ పోయింది.

ఇప్పుడు మెడలో క్యూఆర్ కోడ్ బ్యాడ్జీ. గుమ్మంలో స్కాన్, భోజనాల దగ్గర స్కాన్. జనం ఎక్కడ గుమిగూడారో నిర్వాహకుల తెర మీద రంగుల్లో కనిపిస్తుందట. బిర్యానీ దగ్గరని చెప్పడానికి అంత సర్వరు దేనికో!

ఇక ఏఐ. గంటన్నర ఉపన్యాసాన్ని నాలుగు వాక్యాలకు కుదిస్తుంది. అందులో మూడు ‘వేదికనలంకరించిన పెద్దల’ పేర్లే. ఆ ఉపన్యాసం రాసిచ్చిందీ ఏఐయే. రాసేదీ అదే, కుదించేదీ అదే. నడుమ ఏసీ చలికి వణుకుతూ చప్పట్లు కొట్టడం మన వంతు.

అన్నట్టు, ముఖ్య అతిథి ఎన్ని గంటలకు వస్తారో చెప్పే యాప్ ఎవరి దగ్గరైనా ఉందా?