బలవంతం లేదు, చేయి చాపండి!

మన దేశంలో కోవిడ్ టీకా ఎవరికీ బలవంతంగా వేయలేదు. ఈ మాట నాది కాదు. 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సాక్షాత్తూ సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం రాసిచ్చి చెప్పిన మాట. ఇష్టం లేనివారికి టీకా వేయమని మేమెక్కడా చెప్పలేదు, ఫలానా పనికి సర్టిఫికెట్ చూపించి తీరాలని అసలే అనలేదు అని అందులో ఉంది. ప్రమాణం చేసి రాసిన కాగితంలో అబద్ధం ఉండదు గనక, ఆ రోజుల్లో బెజవాడలో మనం చూసిందంతా కల అయ్యుండాలి.

ఆ కలలో ఆటోనగర్ షెడ్డు ఓనరు మెకానిక్కుతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "టీకా నీ ఇష్టం బాబూ, బలవంతమేం లేదు. కాకపోతే వేయించుకునేదాకా పనిలోకి రావద్దు." కాలేజీ గుమాస్తా ఇంకా మర్యాదస్తుడు. "హాల్ టికెట్ ఎందుకివ్వం? సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి పెట్టి పట్టుకెళ్లు."

వీళ్లందరినీ తలదన్నినవాడు కృష్ణలంక సందులోకి ఒకటో తారీఖున పింఛను తెచ్చిన కుర్రాడు.

"మామ్మగారూ, రెండో డోసు అయిందా?"

"లేదురా. వేయించుకోకపోతే పింఛను ఆపుతారా ఏంటి?"

"అబ్బే, అలాగని ఎవరన్నారు? ఊరికే అడిగానంతే. పై నుంచి లిస్టు అడుగుతున్నారు. మీ పేరు అందులో ఉంటే మీకే మంచిది కదా అని."

మామ్మగారు సాయంత్రానికల్లా క్యాంపులో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏ హక్కుకు భంగం కలిగింది? జీవో లేదు, మెమో లేదు, కాగితం ముక్క లేదు. మామ్మగారు బారేజీ దాటి నేలపాడులో ఉన్న హైకోర్టుకు వెళ్లినా, ఏ ఉత్తర్వును కొట్టేయమని అడుగుతుంది? "ఊరికే" అన్న మాట మీద రిట్ వేసే వకీలు ఇంకా పుట్టలేదు.

తమిళనాడు, మహారాష్ట్ర ఈ విద్యలో వెనకబడ్డాయి. టీకా వేసుకోనివాళ్లు బహిరంగ ప్రదేశాలకు రాకూడదని ఒకరు, లోకల్ రైలెక్కకూడదని ఇంకొకరు అమాయకంగా కాగితం మీద రాసేశారు. రాశారు కాబట్టే కోర్టు బోనెక్కి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నోటిమాటతో పని జరుగుతుంటే సంతకం పెట్టేవాడు పరిపాలనకు పనికిరాడు.

న్యాయస్థానాలు చేతులు ముడుచుకు కూర్చున్నాయని అనలేం. బలవంతపు టీకా ప్రాథమిక హక్కులకు విరుద్ధమని మేఘాలయ హైకోర్టు 2021 జూన్‌లోనే చెప్పింది. డాక్టర్ జాకబ్ పులియేల్ వేసిన పిటిషన్ మీద 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాసింది మన చీరాల వాస్తవ్యులే, జస్టిస్ లావు నాగేశ్వరరావు. ఆయన పక్కన జస్టిస్ గవాయ్. శరీరం మీద మనిషికున్న హక్కుకు 21వ అధికరణం రక్షణ ఉంది, ఎవరినీ టీకాకు బలవంతపెట్టకూడదు అన్నారు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు గానీ వాటికి చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, ఆంక్ష ఆ అవసరాన్ని మించకూడదు అన్నారు. టీకా వేసుకోనివారి వల్లే జబ్బు ఎక్కువ పాకుతుందని చూపే సమాచారం ఏ రాష్ట్రమూ తమ ముందు పెట్టలేదని కూడా అన్నారు. కేసులు తగ్గాయి కాబట్టి ఆంక్షలను సమీక్షించుకోండని ప్రభుత్వాలకూ ప్రైవేటు సంస్థలకూ సూచించారు.

వంక పెట్టలేని తీర్పు. అది వచ్చేనాటికి దేశంలో వేసిన డోసులు 189 కోట్లు దాటాయి. మూడు ముళ్లూ పడి, అప్పగింతలు కూడా అయ్యాక, పెద్దమనిషి లేచి "ఇంతకీ పిల్లకు ఇష్టమేనా?" అని అడిగినట్టుంది. అదీ సూచనగా.

నేను టీకా వద్దనేవాణ్ణి కాదు. రెండో వేవ్‌లో కోవాక్సిన్ కోసం తెల్లవారుజామునే క్యూ కట్టిన జనానికి బలవంతం అక్కర్లేకపోయింది. 2021 జూన్ 20న ఒక్కరోజులో మన రాష్ట్రం 13 లక్షల మందికి పైగా టీకా వేసింది. కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం తొక్కిసలాడిన జనాన్నీ ఎవరూ కర్రతో తోలలేదు. ప్రాణం మీద తీపి ఉన్నవాడికి విషయం విడమరిచి చెబితే చాలు. మన దగ్గర టీకా దొరకనప్పుడు "వంతు వచ్చేదాకా ఆగు" అన్నారు, నిల్వలు పెరిగాక "ఇంకా వేయించుకోలేదా?" అన్నారు. అడిగినవాడికి జవాబు చెప్పే పని మాత్రం ఎవరి జాబ్ చార్టులోనూ రాయలేదు.

కోవిడ్ తొందరలో అలా జరిగిందిలే అనుకునేవారు తిరువూరు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి ఒకసారి తొంగిచూడాలి. 2009లో, ఇంకా ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. మహమ్మారి లేదు, తొందర లేదు. అయినా 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని, 1,948 మీద వేలిముద్రలున్నాయని పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క తీసింది. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోతే, వాటికీ టీకాకూ బహుశా సంబంధం లేదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. అలాగే అనుకుందాం. అమ్మానాన్నల బదులు వార్డెనుగారు సమ్మతించడం ఏ వైద్యశాస్త్రంలో ఉందో మాత్రం ఆ కమిటీ చెప్పలేదు.

స్థాయీ సంఘం 2013 ఆగస్టులో గట్టిగానే నివేదిక ఇచ్చింది. అప్పటికే వ్యవహారం సుప్రీంకోర్టులో ఉంది. అక్కడ అసలు సందేహం వచ్చింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చదవొచ్చా, చదవకూడదా? ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూర్చుని 2018 మే 9న తేల్చింది: చదవొచ్చు, తప్పుపట్టకూడదు. టీకా వేసేనాటికి పదేళ్ల పిల్ల, ఆ కాగితం చదవొచ్చని తేలేనాటికి ఓటరైంది. చట్టసభ, న్యాయస్థానం ఒకరి మర్యాద ఒకరు కాపాడుకున్నాయి. పిల్ల హక్కును కాపాడే వంతు ఎవరిదో తేలలేదు.

ఇక వెలగపూడిలోని మన సచివాలయం, శాసనసభల సంగతి. అంటురోగం వస్తే మన అధికారులు బయటికి తీసేది 1897 నాటి చట్టం, బొంబాయి ప్లేగు కోసం తెల్లదొరలు చేసింది. మొదట రాసినప్పుడు ఉన్నవే నాలుగు సెక్షన్లు. నాలుగోది, సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా చెల్లదంటుంది. పౌరుడి కోసం ఒక్క సెక్షన్ కూడా లేదు. మన కాళేశ్వరరావు మార్కెట్‌కు ఎవరి పేరుందో, ఆ అయ్యదేవర కాళేశ్వరరావు గారు 1937లో ఎన్నికై వెళ్లిన మద్రాసు శాసనసభ ఇంతకంటే నయం. 1939లో ప్రజారోగ్య చట్టం చేసి, మశూచి టీకా తప్పనిసరి అని దాపరికం లేకుండా రాసింది. నచ్చనివాడు ఆ అక్షరం పట్టుకుని పోట్లాడటానికి వీలుండేది. ఇప్పటి మన సభల్లో బల్లలు చరచడానికి, వాకౌట్లకు సమయం చిక్కింది గానీ, టీకా మీద నాలుగు వాక్యాల చట్టానికి చిక్కలేదు.

ఆ నాలుగు వాక్యాలేవో నేనే చెబుతాను, ఎమ్మెల్యేగారూ, ఊరికే రాసుకోండి. టీకా తప్పనిసరి చేయాలంటే సభలో చర్చించి, ఎవరికో, ఎన్నాళ్లో రాతపూర్వకంగా చెప్పాలి. రేషన్, పింఛను, చదువు, కూలిపనితో టీకాకు ముడిపెట్టినవాడికి శిక్ష ఉండాలి. టీకా వికటిస్తే బాధితుడు కోర్టుల చుట్టూ తిరగకుండా పరిహారం అందాలి. ఆంక్ష మీద ఫిర్యాదు వస్తే అది అమల్లో ఉండగానే కోర్టు తేల్చాలి.

1897 చట్టం నేటి అవసరాలకు చాలదని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఇప్పటికీ అమల్లో ఉన్నది ఆ చట్టమే.