రెండో సూది

ఎన్ని వారాలు తిరిగినా, పాశమైలారం దారిలోని ఆ రేకుల గదిలో ఏఎన్‌ఎం మేడంకు దొరికేది ఒకటే మాట: “వద్దు మేడం.”

నారాయణఖేడ్ దిక్కు తండా నుంచి కొలువుకొచ్చిన కుటుంబం. నాలుగు నెలల బాబు. పెంటావాలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయాలి; వాడికి మొదటిదొక్కటే పడింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అన్నిటికీ అదే కాపు. అందులోని హెపటైటిస్ బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే తయారుచేసింది, మన మేడ్చల్ దగ్గరే. ఇంత దగ్గర పుట్టిన మందు ఈ గడప దాటలేకపోతోందే అన్నది ఆమె బాధ.

ఈసారి ఫోన్లో మీనా బొమ్మల కథ పెట్టింది. 1990ల్లో యూనిసెఫ్ దక్షిణాసియా ఆడపిల్లల కోసం తయారుచేయించిన బొమ్మ అది. దానికి రూపమిచ్చినవారిలో మన దేశపు రామ్‌మోహన్ ఉన్నారు. ఇంటిపనితో బడికి పోలేని మీనా, తన చిలక మిట్టూను పంపుతుంది. అది విని వచ్చిన లెక్కలు తాను నేర్చుకుంటుంది. మూడో తరగతి చదివే పెద్దపిల్ల కన్నార్పకుండా చూసింది.

“మీనా మీ ఇంటికొస్తే మీ బాపును ఏమడుగుతది?” అంది మేడం.

పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “బాపూ, తమ్మునికి సూది ఎందుకొద్దు?”

మేడంకు ఇన్నాళ్లూ చెప్పనిది మీనాకు చెప్పాడు తండ్రి.

“మొదటి సూదికి వాడు పగలంత జరంతోని ఏడ్సిండు. మీ అమ్మది పగలు డ్యూటీ, నాది రాత్రి. కన్ను మూయలే. ఆ రాత్రి మిషన్ కాడ తూలిన. పక్కోడు రెక్క వట్టి గుంజకపోతే...”

2025 జూన్ 30 నాటి ఫ్యాక్టరీ పేలుడు తర్వాత పాశమైలారంలో ఆ మాటను ఎవరూ పూర్తిచేయక్కర్లేదు. ఇలాంటి మనిషిని రిజిస్టర్లో ‘నిరాకరించారు’ అని ఒక్క ముక్కలో రాసేయడం అన్యాయం.

మేడం ఓపిగ్గా చెప్పింది. జ్వరం ఒకటి రెండు రోజులే. బరువును బట్టి పారాసెటమాల్ చుక్కలు తానే ఇస్తుంది. సూది పడ్డచోట ఏదీ రుద్దొద్దు. ఆలస్యమైందని మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగినచోటి నుంచే. “పక్కన ఒకరుండి చూసుకుంటే చాలు.”

ఆలుమగలు గోర్‌బోలీలో కాసేపు మాట్లాడుకున్నారు. మేడంకు ఆ భాష రాదు. పిల్ల తలూపడం మాత్రం కనిపించింది.

“బుధవారం తీస్కొస్తం మేడం.”

తీసుకొచ్చారు. సూది పడింది.

గురువారం పది గంటలకు మేడం చూడ్డానికి వెళ్లింది. మొహం మీదికి దుప్పటి లాక్కుని తండ్రి నిద్రపోతున్నాడు. బాబు అక్క ఒడిలో ఉన్నాడు. ఒళ్లు పట్టి చూసింది; జ్వరం దిగుతోంది.

“మందు గీత కాడికే పోసిన మేడం. తడిబట్టతోని తుడిసిన.”

“శభాష్ బిడ్డా! మరి ఇయ్యాల బడి లేదా?”

“ఉంది. అమ్మ డ్యూటీకి పోయింది. బాపు పండుకోవాలె గద.” పిల్ల తమ్ముణ్ని భుజం మార్చుకుంది. “మీనాకైతే మిట్టు ఉండె మేడం. నా బదులు ఎవరు పోయొస్తరు?”