ఉప్పు గాలి యేల యూరకుండు? (టీకా తాత్పర్య విశేష సహితం)

అవతారిక

కావ్యాలకు వ్యాఖ్యాతగా మల్లినాథసూరి దొరికాడు. కార్లకు అలాంటివాడు ఇంకా దొరకలేదు. మెదకు సీమలో పుట్టిన ఆ మహానుభావుడు ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం నౌపడ నుంచి పలాసదాకా అద్దాలు బిగించుకుని, ఏసీలోంచి వడగాలి తింటూ ప్రయాణం చేసి ఉంటే, మేఘదూతంలో మేఘాన్ని బతిమాలుకున్న యక్షుడి బాధకు ఇంకో రెండు పుటల వ్యాఖ్య రాసేవాడు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. పద్యమూ నాదే, టీకా నాదే. కవి హృదయం వ్యాఖ్యాతకు అందలేదని ఎవరూ అనడానికి లేదు. పద్యం గ్రాంథికంలో ఉన్నా టీకా వాడుక భాషలోనే నడుస్తుంది. నౌపడలో రైలెక్కితే పర్లాకిమిడి వస్తుంది, గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. ఆయన ఇలాకాలో గ్రాంథిక టీకా రాసే ధైర్యం నాకు లేదు.

పద్యం

ఆ.వె.
గాలి వేడి యైన గ్యాసు వేయగ నేల
ఫ్యూజు చూడు ముందు బూజు దులుపు
జిడ్డు మెరయు చోట చిల్లుండు నని నమ్ము
ఉప్పు గాలి యేల యూరకుండు?

ప్రతిపదార్థం

గాలి వేడి యైన = మీట నొక్కినా మొహాన సెగే తగిలితే; గ్యాసు వేయగ నేల = ఆ పళాన షెడ్డుకు పరిగెత్తి గ్యాసు కొట్టించడం ఎందుకు; ముందు = జేబులో చెయ్యి పెట్టడానికి ముందే; ఫ్యూజు చూడు = బానెట్టెత్తి ఫ్యూజుల పెట్టె తెరువు; బూజు దులుపు = ఫిల్టరూ కండెన్సరూ శుభ్రం చెయ్యి; జిడ్డు మెరయు చోట = గొట్టాల అతుకుల దగ్గర నూనె తడి కనబడిన చోట; చిల్లుండు నని నమ్ము = గ్యాసు పోయే దారి అదేనని తెలుసుకో; ఉప్పు గాలి = మన తూర్పు తీరపు గాలి; ఏల ఊరకుండు = దాని పని అది ఎందుకు మానుతుంది?

తాత్పర్యం

ఏసీ చల్లబరచకపోతే రోగం కనుక్కోకుండా మందు పోయకూడదని భావం.

విశేషాలు

మొదటి పాదానికి పూర్వపక్షం బలంగా ఉంది. "గ్యాసు అయిపోనాది బాబూ, కొట్టించీయండి" అంటాడు షెడ్డులో మేస్త్రి. మనమూ తల ఊపుతాం. నిరుడు కొట్టించాం, అంతకు ముందేడూ కొట్టించాం, అది వేసవి ఖర్చుల్లో ఒకటనుకుంటాం. సిద్ధాంతం ఏమిటంటే, ఏసీ గ్యాసు పెట్రోలు కాదు, ఖర్చవడానికి. కంప్రెసరు దాన్ని గట్టిగా నొక్కుతుంది. బంపరు వెనకున్న కండెన్సరులో అది వేడి వదిలేసి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు ఇరుకు దాటగానే డాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటరులో మళ్లీ ఆవిరవుతూ, లోపలి వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసరుకే వస్తుంది. తిరుగుడే తప్ప తరుగుడు లేదు. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కాస్త కాస్త ఇంకిపోవడం ఉందిగాని, ఏడాదికోసారి ఖాళీ అయిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. చిన్న కారులో పట్టేదే అరకిలో అటూ ఇటూ. సరైన గ్రాములు ఎన్నో బానెట్టు కింద స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

"ఏల" అన్నాడు గాని "వలదు" అనలేదు కవి. గ్యాసు నిజంగా తగ్గి ఉండొచ్చు. ఎందుకు తగ్గిందో అడగమంటున్నాడు, అంతే.

అడగడానికి ఇంకో కారణం ఉంది. పాత ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరను తినేస్తోందని తేలి, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని స్థానంలో వచ్చిందే మన కార్లలో ఎక్కువగా కనిపించే ఆర్-134ఏ. ఇది ఓజోన్ జోలికి పోదు, కాని భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 1,400 రెట్లు. అరకిలో కారిపోతే సుమారు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. మన కారులో చల్లదనం కోసం ఊరికి వేడి పంచడం అన్నమాట.

ఇక రెండో పాదం. ఇంటి దగ్గర చేసుకోగల వైద్యమంతా ఇక్కడే ఉంది. ఇంజను నడుస్తుండగా ఒకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ మీట నొక్కమనండి. బానెట్టు దగ్గర "టక్" మని చప్పుడు రావాలి. అది కంప్రెసరు క్లచ్చు పట్టుకున్న చప్పుడు. (కొన్ని కొత్త కార్లలో క్లచ్చే ఉండదు, వాటికి ఈ పరీక్ష చెల్లదు.) చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి. కాలిపోతే అంతే ఆంపియర్లది వేయాలి. రాగి తీగ చుట్టి సరిపెట్టడం నిప్పుతో చెలగాటం. తర్వాత రిలే. చాలా కార్లలో హారను రిలే, ఏసీ రిలే ఒకే రకం. పెట్టె మూత మీద చూసుకుని, అవునంటే ఒకదాని చోట ఒకటి పెట్టి చూడొచ్చు. ఏసీ పనిచేసి హారను మూగపోయిందంటే రోగం దొరికినట్టే. కొత్త రిలే వచ్చేదాకా ఏది వదులుకోవాలన్నది ధర్మసంకటం. పదహారో నంబరు హైవే మీద లారీల మధ్య తిరిగేవాళ్లు హారనునే ఉంచుకుంటారు, న్యాయమే.

ఫ్యూజూ రిలే బాగున్నా క్లచ్చు పట్టకపోతే గ్యాసు మరీ తగ్గిపోయి ఉండొచ్చు. ఒత్తిడి లేనప్పుడు కంప్రెసరు కాలిపోకుండా స్విచ్చే దాన్ని ఆపేస్తుంది. అప్పుడు మూడో పాదానికి దూకాలి.

హైవే మీద చల్లగానే ఉండి, కాశీబుగ్గ బజారులో ఇరుక్కోగానే వేడెక్కిందనుకోండి. అది చాలావరకు గ్యాసు జబ్బు కాదు, ముందున్న ఫ్యాను తిరగకపోవడం. పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఫ్యాను పని చేసిపెడుతోంది. చల్లగా ఉంది గాని గాలి రావడం లేదంటే గ్లవ్‌బాక్సు వెనక ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. ఇక్కడ "బూజు" శబ్దానికి ప్రాంతాన్ని బట్టి అర్థం మారుతుంది. కాశీబుగ్గలో జీడి బట్టీల పక్కన నిలిపే కారుకు మసి. టెక్కలి క్వారీల దారిన తిరిగేదానికి బూడిద రంగు గ్రానైట్ పొడి. కవిటి, సోంపేట తోటల్లో నిలిపేదానికి కొబ్బరి పీచు, ఎండుటాకు, అందులో కాపురం పెట్టిన ఎలుక. ఎలుక వైర్లు కొరికితే మళ్లీ ఫ్యూజు దగ్గరికే వస్తాం. పాదం ఆదిలో ఫ్యూజునూ యతిస్థానంలో బూజునూ కలిపి యతి కుదిర్చిన కవి దూరదృష్టి గమనార్హం.

మూడో పాదం. కంప్రెసరుకు వేసిన నూనె గ్యాసుతో కలిసే గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాసు కనిపించకుండా పారిపోతుంది గాని, నూనె పారిపోలేక బయట మిగిలి పట్టుబడుతుంది. టార్చి వేసి అతుకులన్నీ చూడండి. జిడ్డుకు దుమ్మంటి నల్లగా అట్టకట్టిన చోట గుడ్డతో తుడిచి, సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే దొంగ అక్కడే ఉన్నాడు. మరీ సన్నని చిల్లుకు బుడగ రాకపోవచ్చు. గ్యాసు ఎక్కించే మూతి మీది ప్లాస్టిక్ మూత పోయి, అక్కడినుంచే కారేవీ ఉంటాయి. కారు కింద నీళ్లు కారుతున్నాయని మాత్రం కంగారు పడకండి. అది గాలిలోని తేమ. మన తీరాన ఎంత కారితే ఏసీ అంత బాగా పనిచేస్తున్నట్టు. ఆ నీళ్లు బయటికి కాక కాళ్ల కింద చాపలోకి వస్తేనే గొట్టం పూడిందని అర్థం.

నాలుగో పాదమే ఈ పద్యానికి ప్రాణం. కండెన్సరు అల్యూమినియంతో చేసింది, కారుకు అన్నిటికంటే ముందుంటుంది, అంటే గాలికి మొదట మొహం చూపేది అదే. హౌరా రైల్లో పోయేవాళ్లకు నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పు మడులు కనబడతాయి. అక్కడ ఉప్పు పండించే గాలీ తేమే మన కండెన్సరు మీదా పనిచేస్తాయి. దువ్వెన పళ్లలా ఉన్న రేకుల మధ్య తెల్లటి పొడి కనిపిస్తే, లోహం తినేయబడుతోందని గుర్తు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటి, ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చింది. ఆ గాలి రోజూ రాదు. రోజూ వచ్చేది నెమ్మదిగా, చప్పుడు లేకుండా తినే గాలి. అక్కుపల్లి శివసాగర్ బీచికో బారువకో కారు తోలుకెళ్లి, ఇసుకలో ఫొటోలు దిగి ఇంటికొచ్చినవాళ్లు ఆ సాయంత్రమే గ్రిల్లు లోంచి మంచినీళ్లు మెల్లగా పోయాలి. సర్వీసింగు గన్నుతో దగ్గర్నుంచి కొడితే రేకులు వంగిపోయి, గాలి ఆడదు.

ఇదంతా విలాసం గోల అనుకునేవాళ్లుంటారు. కాని ఉద్దానం ఊళ్లనుంచి డయాలసిస్‌కు పలాసకో టెక్కలికో సోంపేటకో పోయి వచ్చేవాళ్లు ఎక్కే టాక్సీలూ ఈ గాలిలోనే తిరుగుతాయి.

ఛందస్సు, దోష విచారం

ఆటవెలది. యతులు గా-గ్యా, ఫ్యూ-బూ, జి-చి, ఉ-యూ. మూడో పాదం చివర "నమ్ము", నాలుగో పాదం మొదట "ఉప్పు", సంధి చేయకుండా వదిలేశాడని పండితులు ఆక్షేపిస్తారు. అది దోషం కాదు, ధ్వని. క్లచ్చుకూ పుల్లీకీ మధ్య సందు పెరిగి పట్టు చిక్కకపోవడాన్ని కవి అలా సూచించాడు. ఒప్పుకోనివాళ్లు బానెట్టెత్తి చూసుకోవచ్చు.

పాఠకులకు మనవి

గ్యాసు గొట్టం మాత్రం ఇంటి దగ్గర విప్పకండి. బయటపడితే ఆర్-134ఏ సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు "గ్యాసు కొట్టండి" అనకండి. లీకు చూపించి సరిచేయమనండి. లోపలి తేమ పోయేలా కనీసం అరగంట వాక్యూమ్ పెట్టమనండి. స్టిక్కరు మీదున్న గ్రాములే తూచి ఎక్కించమనండి.