లెక్కలోకి రాని పోగు

ఫోర్నీ హిమానీనదం మీదికి ఎక్కబోయే ముందు మా మేనకోడలు నన్ను ఆపి, నా బట్టలు పరీక్షగా చూసింది. జాకెట్ పాలిస్టర్, ప్యాంటు నైలాన్, టోపీ యాక్రిలిక్.

"మామయ్యా, ఇక్కడ గాలి పైనుంచి కిందికి వీస్తుంది. నేను మట్టి తీస్తున్నంతసేపూ నువ్వు నాకు దిగువనే ఉండాలి. పొరపాటున కూడా పైకి రాకు" అంది.

ఉత్తర ఇటలీలో, స్టెల్వియో జాతీయ ఉద్యానంలో ఉందీ హిమానీనదం. మా మేనకోడలు పరిశోధన చేస్తున్నది మంచు మీద పేరుకున్న ప్లాస్టిక్ గురించి. ఒంటి మీద నూలు తప్ప మరొకటి లేకుండా వచ్చింది. నూలు చొక్కా, నూలు ప్యాంటు, కాళ్లకు తోలు బూట్లు. ఆ చలిగాలికి నూలు ఏపాటి ఆగుతుంది! పళ్లు టకటకలాడుతున్నా పట్టించుకోలేదు.

"2019లో ఇక్కడి సంగతి బయటపెట్టిన మిలాన్ వాళ్లయితే నూలు బట్టలతో పాటు చెక్క జోళ్లు వేసుకుని మరీ వచ్చారు" అంది. మంచు మీది మట్టిలో కిలోకి సగటున 75 దాకా ప్లాస్టిక్ రేణువులు దొరికాయట వాళ్లకు. ఆ లెక్కన హిమానీనదం నాలుక మొత్తం మీద 13 నుంచి 16 కోట్లు ఉంటాయని అంచనా వేశారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ పాలిస్టర్. కొంత గాలి మోసుకొచ్చి ఉంటుంది. కొంత ఈ కొండల్లో నడిచేవాళ్ల బట్టల నుంచీ సామాన్ల నుంచీ రాలి ఉంటుంది.

ఫ్యాక్టరీ పొగ కనపడని చోట, రోడ్డయినా లేని చోట, కోట్ల ముక్కలు! ఇక్కడ కరిగే నీరు ఫ్రొడోల్ఫో వాగులోంచి అడ్డా నదికి, కోమో సరస్సుకు, చివరికి పో నదికి చేరుతుంది. ఆ నది ఒడ్డు మైదానాల్లో వరి పండుతుంది. వింటుంటే నాకు గుండె బరువెక్కింది.

తను మోకాళ్ల మీద కూర్చుని, కడిగి తెచ్చిన గాజు సీసాలోకి స్టీలు గరిటెతో బూడిదరంగు మట్టిని ఎత్తుతోంది. పక్కనే ఒక ఖాళీ సీసా, మూత తీసి పెట్టి ఉంది.

"అదెందుకమ్మా?"

"నేను పనిచేస్తుండగా గాల్లోంచి ఏం పడుతుందో తెలియాలిగా మామయ్యా. ఇందులో పడ్డవాటిని లెక్కలోంచి తీసేస్తాం. మన బట్టల పోగుల్ని హిమానీనదం ఖాతాలో రాయకూడదు."

పోగులు అంతగా రాలతాయా అని అడిగాను. 2020లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పింది. పాలిస్టర్ బట్ట వేసుకుని 20 నిమిషాలు మామూలుగా తిరిగినా, గ్రాము బట్టకు 400 దాకా పోగులు ఊడిపోవచ్చట. నా జాకెట్ ముప్పావు కిలో ఉంటుంది. కదలాలంటేనే భయమేసి, ఒక రాయి దగ్గరే బిగుసుకుని కూర్చున్నాను.

ఒక్క తప్పుడు పోగు కూడా లెక్కలో చేరకూడదని అది పడే తపన చూస్తుంటే ముచ్చటేసింది. గరిటెను ప్రతిసారీ కడిగేది. మూత తీసిన సీసా మీద ఊపిరి కూడా పడనిచ్చేది కాదు. ఇంత నిజాయితీగా పనిచేసేవాళ్లుంటే ఈ మంచుకు న్యాయం జరుగుతుందనిపించింది.

పొద్దు వాలుతుండగా పని పూర్తయింది. సీసాలన్నిటికీ మూతలు బిగించి, రేకు చుట్టి, పెట్టెలో సర్దింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. సంచీలోంచి దళసరి ఫ్లీస్ కోటు ఒకటి తీసి గట్టిగా దులిపింది. గాలికి దాని నూగు లేచి మంచు మీదుగా పోయింది.

"అది పాలిస్టరే కదమ్మా?" అన్నాను.

"అవును మామయ్యా. ఇప్పుడు ఫర్వాలేదులే, మూతలన్నీ బిగించేశాను."