రాజీనామా చేసిన పెద్దకొడుకు

2025 నవంబరులో కోనసీమ కొబ్బరికి తెలంగాణ దిష్టి తగిలిందన్నట్టు మాట్లాడినందుకు ఆంధ్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ క్షమాపణ చెప్పాలట. లేకపోతే తెలంగాణలో ఆయన సినిమా ఆడదని అక్కడి సినిమాటోగ్రఫీ మంత్రి కోమటిరెడ్డి వెంకటరెడ్డి సెలవిచ్చారు. మాటను వక్రీకరించారని ఆయన పార్టీ జనసేన.

ఇంత గొడవలో ఎవరి కంటా పడని సంగతేమిటంటే, ఇక్కడ కోనసీమలో రాజీనామాలు ఎప్పుడో మొదలయ్యాయండి. చేస్తున్నది కొబ్బరిచెట్లు.

మలికిపురం మండలం కేశనపల్లి వైపు వెళ్లి చూడండి. మూకుమ్మడి రాజీనామాలు! పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. ముందు పిందె రాల్చి నోటీసిచ్చాయి. తర్వాత మట్టలు వేలేశాయి. చివరికి మొవ్వ దించేసి, అచ్చంగా స్పీకర్ ఫార్మాట్‌లో, షరతుల్లేకుండా తప్పుకున్నాయి. ఒక చెట్టు రాసిన లేఖ ఇదీ:

‘‘అయ్యా, శంకరగుప్తం డ్రెయిన్‌లో పూడిక పేరుకున్నందుకు, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు తోటల్లోకి ఎగదన్నుతున్నందుకు, ఆ దారిలో వేళ్లు పెట్టుకు కూర్చున్న నేనే నైతిక బాధ్యత వహిస్తున్నాను. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు పడిపోతే లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు వద్దన్నారు. అదే ఏడాది అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇస్తే గానీ ఆమోదించలేదు. నన్ను వద్దనేవాళ్లు లేరు కనుక మొదటిసారికే ఆమోదించ ప్రార్థన. పక్క తోటలోకి దూకే అలవాటు నాకు లేదు. మళ్లీ పోటీకి నిలబడను. ఇప్పుడు నిలబడిందే ఆఖరు.’’

లేఖ ఎక్కడివ్వాలో మాత్రం తేలలేదు. కాలువ ఒక శాఖది, చెట్టు ఇంకో శాఖది, సముద్రం ఏ శాఖదీ కాదు. దిష్టి ఒక్కటే అందరిదీ. అందుకే దాని కోసం అందరూ వచ్చారు.

దిష్టి మాట వచ్చిన ఆ పర్యటనలోనే పవన్ కల్యాణ్ రైతులతో డ్రెయిన్ గురించీ మాట్లాడారు. అది ఎవరికీ కోపం తెప్పించలేదు. మాట వెనక్కి తీసుకోవాలని హైదరాబాద్‌లో అరుపులు, తీసుకోవడానికేముందని ఇక్కడ అరుపులు. ఉప్పునీటిని వెనక్కి పంపమని ఆ గొంతుల్లో ఒక్కటీ అడగలేదు. నోరు జారితే వారం రోజులు నిలదీస్తాం. కాలువ పూడితే ఏళ్లు గడిచినా నిలదీయం. పూడిక మాట్లాడదుగా, దాని వీడియో ఎవరు చూస్తారు? 2011లో కోనసీమ రైతు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పుకున్న గోడులో మురుగు కాలువలూ ఉన్నాయి. పద్నాలుగేళ్లు దాటాయి. ఏ కాలువ కోసం ఏ కుర్చీ ఖాళీ అయింది?

మా వైపు కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకంటారు. దింపు డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. ఆ కొడుకు శవం ఇంకా అరుగు మీదే ఉంది. మీరు వాకిట్లో చేరి, దిష్టి పెట్టింది ఎవరి కన్నని తగువులాడుకుంటున్నారు. సిగ్గుగా లేదూ?

క్షమాపణ అంత అవసరమైతే, ఇరుపక్షాలూ ఆ ఇంటికే వచ్చి చెప్పండి. వచ్చేటప్పుడు ఒక పొక్లెయిన్ తెచ్చుకోండి.