గాల్లో అరగంటే!

శంషాబాద్ నుంచి గన్నవరానికి ఆకాశమార్గాన సుమారు 265 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఐదో తరగతి పిల్లాణ్ని అడిగినా అరగంట చాలంటాడు. టికెట్ మీద మాత్రం గంటో, పైచిలుకో ఉంటుంది. మిగతా అరగంట ఏమైందంటారా? విద్యంతా అందులోనే ఉంది.

చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మలు తీసింది మొదలు, అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా ప్రయాణ సమయమే. రన్‌వే దాకా పాకడం, ముందున్న విమానాల వెనక పడిగాపులు, దిగడానికి అనుమతి వచ్చేదాకా ప్రదక్షిణలు, అన్నీ ఆ ఖాతాలోవే. ఎందుకైనా మంచిదని దాని మీద ఇంకొన్ని నిమిషాలు కలుపుతారు. అదీ చాలక, పావుగంట లోపు ఆలస్యాన్ని ఆలస్యం అనకూడదని లోకమంతటా ఒప్పందం! ప్రశ్నపత్రం తానే రాసుకుని, తానే దిద్దుకుని ఫస్ట్ క్లాసు తెచ్చుకోవడమంటే ఇదే. "షెడ్యూలు కన్నా పది నిమిషాలు ముందే చేరాం" అని మైకులో వినగానే మనం పొంగిపోతాం.

మొన్న బెజవాడ పెళ్లికి వచ్చిన మా బావమరిది అలాగే పొంగిపోయాడు.

"అరగంటలో వచ్చి వాలాను బావా!"

"ఇంట్లో ఎప్పుడు బయల్దేరావురా?"

సమాధానం లేదు. వాడుండేది కూకట్‌పల్లి. ఔటర్ మీదుగా శంషాబాద్ చేరేసరికే గంట గడిచింది. గంట ముందు కౌంటర్ మూసేస్తారని రెండు గంటల ముందే వెళ్లాడు. అక్కడ బెల్టు విప్పి ట్రేలో వేశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, ఇడ్లీ ధర చూసి మంచినీళ్లు తాగాడు. గన్నవరంలో సూట్‌కేసు కోసం నిలబడ్డాడు. అక్కడి నుంచి ఊళ్లోకి ఇంకో 20 కిలోమీటర్లు. మొత్తం ఐదు గంటల పైమాటే. అదే వేళకు కారులో బయల్దేరిన వాడి పక్కింటాయన సూర్యాపేటలో ఆగి పెసరట్టు తిని మరీ, వీడికన్నా ముందే పందిట్లో కూర్చున్నాడు.

2008 మార్చి దాకా బేగంపేటలో, ఊరి నడిబొడ్డునే విమానం ఎక్కేవాళ్లం. ఇప్పుడు విమానాశ్రయానికి వెళ్లడమే ఒక ప్రయాణం. గాల్లో ఉండే సమయం మాటకొస్తే, స్కాట్లాండ్‌లో వెస్ట్‌రే నుంచి పాపా వెస్ట్‌రే దీవికి విమానముంది. దూరం 2.7 కిలోమీటర్లు, షెడ్యూలు 2 నిమిషాలు. గాలి కలిసొస్తే నిమిషం లోపే దిగిన సందర్భాలున్నాయి. మన చేతికిస్తే దానికీ రెండు గంటల ముందే రమ్మంటాం.

టికెట్లమ్మే మహానుభావులారా, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత పడుతుందో కూడా కాస్త అచ్చువేయండి. అందాకా ముహూర్తానికి అందాలనుకునేవాళ్లు తెల్లవారుజామునే కారెక్కండి. సంక్రాంతికి మాత్రం వద్దు. దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గరి బారులతో పోలిస్తే ఏ విమానమైనా నయమే.