మా రోజుల్లో కొలిచాకే కనెక్షన్

ఫోను కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండేవారటగా అని కుర్రకారు నన్ను ఎకసెక్కాలాడతారు. ఉండేవాళ్లే. ట్రంక్‌కాల్ బుక్ చేసి పొద్దు వాలేదాకా కూర్చునేవాళ్లు, తొందరైతే లైట్నింగ్ కాల్‌కి ఎనిమిది రెట్లు చదివించుకునేవాళ్లు. కాదనను. కానీ లైను కొలిచాకే చేతికిచ్చేవాళ్లం. ఇప్పుడు అడిగిన సాయంత్రానికే తీగ ఇంట్లోకి వచ్చేస్తోంది. కొలత మాత్రం రావట్లేదు.

నేను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్కు ఉండేది. ఇంటిదాకా వెళ్లే తీగల జత, అదే లూపు, ఎన్ని ఓములో చూశాకే కనెక్షన్. కృష్ణా డెల్టాలో మా పామర్రు నేల సంగతి తెలిసిందేగా, కాస్త లోతు తవ్వితే నీరే. కేబుల్ జాయింటులో తడి చేరితే లైన్లో గరగరమంటుందని వానలకు ముందే మెగ్గర్ తిప్పి ఇన్సులేషన్ చూసుకునేవాళ్లం. అన్నిటికన్నా ముఖ్యం బిజీ అవర్. మిల్లుల వాళ్లు, కమిషన్ వ్యాపారులు గుడివాడ, బెజవాడ ధరల కోసం ఎగబడే ఆ ఒక్క గంటలో ఎన్ని కాల్స్ వస్తాయో లెక్కగట్టి దాన్నిబట్టి ఊళ్ల మధ్య లైన్లు, అంటే ట్రంకులు, వేయాలి. ఆ లెక్కకి దారి చూపినవాడు కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, 1909లో. అర్ధరాత్రి ఖాళీనీ పగటి రద్దీనీ కలిపి సగటు తీస్తే మా ఇంజనీరు కాగితం మొహాన కొట్టేవాడు.

మరి ఇప్పుడో? బందరు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలిసే మా సెంటర్లో తలెత్తితే కరెంటు స్తంభాల నిండా నల్లతీగల చిక్కే. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అంటే ముచ్చటపడినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఫైబర్ మీద నాకేం కోపం లేదు. కొలవకుండా అమ్మేవాళ్ల మీదే.

మా ఇంటి లైను ఎవరిదో పేరెందుకు లెండి. రాత్రి తొమ్మిదికి డల్లాస్‌లో ఉన్న మనవడితో మాట్లాడుతుంటే వాడి బొమ్మ నోరు తెరిచి అలాగే బిగుసుకుపోతుంది. ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున కుర్రాడొచ్చి స్పీడ్ టెస్ట్ కొట్టి, "చూడండి బాబాయ్ గారూ, తొంభై అయిదు ఎంబీపీఎస్ వస్తోంది" అన్నాడు.

"ఎక్కడి దాకారా ఆ తొంభై అయిదు? ఎన్నింటికి?" అన్నాను. తెల్లమొహం వేశాడు.

ఆ టెస్ట్ మామూలుగా దగ్గర్లోని సర్వర్ని పట్టుకుంటుంది, మనవడి దాకా ఎంతో చెప్పదు. నీటి సంగతి తెలిసిన డెల్టా మనది. బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో చదివి కాలవ చివరున్న నాగాయలంక రైతు నారు పోస్తాడా? శివారు బోదెలోకి ఎంత ఎక్కిందో చూసుకుంటాడు.

ఆ రాత్రి వాణ్ని మళ్లీ పిలిచి కూర్చోబెట్టి ట్రేస్‌రూట్ కొట్టించాను. డేటా దారిలో తగిలే ఒక్కో రౌటరూ ఒక్కో వరుసలో, దాని పక్కనే మిల్లీసెకన్లు. ఇంటి రౌటరు ఒకటి, తర్వాతది నాలుగు. మూడో వరుస దగ్గర ఒక్కసారిగా నూటముప్ఫై, అక్కణ్నుంచి చివరిదాకా ఆ భారం దిగలేదు. ఫైబర్లో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ మూడోది హైదరాబాద్‌లో ఉందనుకున్నా వెళ్లి రావడానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు చాలు. మిగతాది దాదాపుగా ఇరుకు లింకు ముందు క్యూలో నిలబడ్డ కాలమే. మధ్యలో ఒక వరుసకి చుక్కలొస్తే కుర్రాడు కంగారుపడ్డాడు. ఆ రౌటరు జవాబివ్వదంతే, తర్వాతి వరుసలు బాగుంటే అది జబ్బు కాదని చెప్పాను.

నెట్టు అమ్మే బాబులూ, ప్లానింగంటే ఇదే. నాలుగు వీధుల్లో నాలుగిళ్ల నుంచి అయిదు నిమిషాలకోసారి నెలపాటు కొలవండి. బిజీ అవర్ అంకెలు విడిగా తీయండి. ఆలస్యం ఎక్కడ మొదలై కిందకి దిగకుండా ఉందో ఆ లింకు పెంచండి. పక్క కంపెనీ కస్టమర్ దగ్గరికి పోవాల్సిన డేటా ఊళ్లు తిరిగొస్తుంటే దగ్గర్లోనే ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేసుకోండి. మన డేటా విదేశాలు చుట్టి రాకూడదనే కదా 2003లో కంపెనీలు డేటా ఇచ్చిపుచ్చుకునే నిక్సీ పెట్టింది! ఇంటర్నేషనల్ గేట్‌వే దాకా ఆలస్యం 120 మిల్లీసెకన్లు దాటకూడదని, ప్యాకెట్ లాస్ ఒక శాతం లోపుండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే రాసింది.

మాకు టెస్ట్ డెస్కు ఉంటేగానీ కొలత లేదు. మీకో, డేటా వెళ్లి రావడానికి ఎంతసేపో చెప్పే పింగ్, మైక్ మూస్ 1983లో రాసింది, ప్రతి కంప్యూటర్లోనూ ఊరికే పడి ఉంది. వాడేవాడే లేడు! అమ్మేవాడు "వంద వరకూ" అంటాడు, కొనేవాడు ఆ "వరకూ" మింగేసి వంద అనుకుంటాడు. కొనేవాళ్లూ, ఈసారి కనెక్షన్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: రాత్రి తొమ్మిదికి, మా ఇంటి నుంచి, ఎక్కడి దాకా ఎంత? కాగితం మీద రాసిమ్మనండి. నసిగాడా, అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.